చీకట్లో ఊ కొట్టిన పిల్ల

కిందటి వారం చదవనివాళ్ళకూ, చదివి మరిచిపోయినవాళ్ళకూ ముందు నాలుగు ముక్కలు చెప్పాలి.

ఎలినాఫె ఏడేళ్ళ పిల్ల. మొక్కజొన్న కోతల నుంచి పెద్దవాళ్ళు ఏం చెప్పినా బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటోంది. మేనమామ బిన్‌వెల్ ఇది చెవుడేనని తేల్చేసి, కొండల అవతల సిస్టర్లు నడిపే చెవిటి పిల్లల బడిలో చోటు మాట్లాడి వచ్చాడు. ఇక్కడి చేవా జనంలో అక్కచెల్లెళ్ళ పిల్లల మంచిచెడ్డలు మేనమామవే. తల్లి జియోనె మాత్రం "నా పిల్లకు అన్నీ అర్థమవుతాయి" అని మొండికేసి, దాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రిలో నా గదికి వచ్చింది. చెవులు పరీక్షించాం. చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత బాగున్నాయి. తర్వాత చాప మీద ఎదురెదురుగా కూర్చుని చాట, కుండ, పార, మూకుడు ముందు పెట్టి అడిగితే ఒక్కటీ తప్పకుండా అందించింది. జియోనె ఆ సంతోషంతో ఊరంతా చాటింపు వేసింది. నేనింకా ఏమీ తేల్చలేదు, ఇంకోసారి చూడాలన్నాను. ఆ ఇంకోసారి ఇవాళే. ఇవాళ మేనమామ కూడా వస్తున్నాడు.

ఇక నా సంగతి. నా పేరు న్యిరోంగో. పిల్లలకు మాటలు ఎందుకు రావడం లేదో, చెప్పింది ఎందుకు అర్థం కావడం లేదో పరీక్షించి చూడటం నా ఉద్యోగం. ఈ చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ ఆ పని చేసేదాన్ని నేనొక్కదాన్నే. ఆసుపత్రిలో నన్ను "మాటల డాక్టరమ్మ" అంటారు, సగం గౌరవంగా, సగం వెటకారంగా. మధ్యాహ్నం న్సిమా, అదే మొక్కజొన్న ముద్ద, తినేటప్పుడు నా బల్ల దగ్గరికి ఎవరూ రారు. ఏం మాట్లాడినా లోలోపల పరీక్ష పెట్టి మార్కులు వేస్తానని వాళ్ళ భయం. వాళ్ళ మాటల్లో పరీక్షించడానికేముందో నాకు తెలియదు, జీతం ఆలస్యమైందన్న ఒక్క సంగతి తప్ప.

బిన్‌వెల్ పెందలాడే వచ్చాడు. అంత ఎండలోనూ ఇస్త్రీ చేసిన కోటు వేసుకున్నాడు. పొగాకు పండించే చేతులు, మెత్తటి గొంతు. కాళ్ళు కట్టిన కోడిని రెండు చేతులతో నాకందించాడు. కోడిని తీసుకోనంటే మనిషిని వద్దన్నట్టే, కాబట్టి తీసుకుని బల్ల కింద పెట్టాను. ఆయన చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. మంచివాడు కావడమే వచ్చిన చిక్కు.

"న్యిరోంగో అమ్మా, పిల్ల చెవులు బాగున్నాయన్నారట. నేను కాదనను, మీది చదువుకున్న మాట. కానీ నా ఎదురుగా ఒకసారి అడగండి, చూస్తాను."

"అడగడానికేగా రమ్మన్నాను."

"ఒక్కటి చెప్పనివ్వండి అమ్మా. చెవుడైతే జాలిపడతాం, ఆ బడిలో చేరుస్తాం. చెవులుండి కూడా చెయ్యట్లేదంటే దాన్ని ఏమంటారు? పొగరంటారు. పొగరుకు మందు మా ఇంట్లోనే ఉంది."

ఆ మందేమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. జియోనె తల వంచుకుని ఒంటికి చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగును వేలికి చుట్టుకుంటోంది. నేను చెవుడంటే ఆ బడిలోనే ఉండిపోవాలి, పిల్ల ఏడాదికి రెండుసార్లు తప్ప తల్లి కంటపడదు. చెవుడు కాదంటే బెత్తం. ఈ రెండూ కాని మాట ఏదైనా ఉంటే ఇవాళ నేనే వెతికి పట్టుకోవాలి.

ఎలినాఫెను లోపలికి పిలిచాను. వచ్చింది. గుమ్మం దాటగానే రెండు మోకాళ్ళ మీదా వంగి, మెల్లగా చప్పట్లు తట్టి మేనమామకు దణ్ణం పెట్టింది. చూపు నేల మీద పాతేసినట్టు ఉంది. అంత ఒద్దికైన పిల్లను ఎవరైనా మెచ్చుకుంటారు. బిన్‌వెల్ కూడా తృప్తిగా తలాడించాడు.

"ఎలినాఫె, ఆ చాట తీసుకురా తల్లీ," అన్నాను.

కదల్లేదు.

"కుండ ఏది? చూపించు."

వేళ్ళు ముడుచుకున్నాయి. అంతే.

"పార ఎక్కడుంది?"

ఈసారి లేచింది. వస్తువుల వైపు వెళ్ళకుండా మూలనున్న బిందె దగ్గరికి వెళ్ళి, కప్పులో నీళ్ళు ముంచి, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో నాకిచ్చింది. పెద్దవాళ్ళు పిల్లల్ని అడిగేది ఎక్కువగా నీళ్ళే కదా. ఏదో ఒకటి అడుగుతున్నారని పిల్లకు తెలిసింది, అదేమిటో తెలియలేదు. నీళ్ళు తాగాను.

"చూశారా," అన్నాడు బిన్‌వెల్. గెలిచానన్న సంతోషం ఆ గొంతులో లేదు.

జియోనె ముందుకు జరిగింది. "అది భయం అన్నా. నువ్వంటే దానికి హడల్. నేను అడుగుతా చూడు." పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఇటు చూడు బంగారం. చాట. చాట తెచ్చి అమ్మకివ్వు."

ఎలినాఫె తల్లి ముఖంలోకి చూసింది. ఒక్క ఉదుటున వెళ్ళి చాట తెచ్చింది.

"ఇప్పుడు కుండ."

కుండ తెచ్చింది. జియోనె నా వైపు తిరిగి నవ్వింది, పోయిన వారం నవ్విన నవ్వే. నేను ఈసారి పిల్లను చూడలేదు, తల్లిని చూశాను. చాట అన్నప్పుడు జియోనె కళ్ళు చాట మీదికి వెళ్ళాయి. కుండ అన్నప్పుడు గడ్డం కుండ వైపు కొద్దిగా తిరిగింది. ఏ వస్తువు పేరెత్తితే ఆ వస్తువు వైపు చూడటం మనుషులకు అలవాటు. నేనూ పోయిన వారం ఈ చాప మీదే కూర్చుని అదే చేసి ఉంటాను.

"జియోనె, ఆ చాట నీ ముఖానికి అడ్డం పెట్టుకో. పెట్టుకుని పార తెమ్మను."

"ఎందుకు మేడమ్?"

"ఊరికే. నా మాట మీద."

చాట అడ్డం పెట్టుకుని అడిగింది. ఎలినాఫె ఆటనుకుంది కాబోలు, నవ్వుతూ చాట పక్కనుంచి తొంగిచూసి తల్లి ముఖం కోసం వెతికింది. జియోనె మళ్ళీ అడిగింది, గొంతు పెంచి. పిల్ల ఇటు పక్క నుంచి అటు పక్కకు వెళ్ళి తొంగిచూసింది. పార దాని కాలి దగ్గరే ఉంది.

బిన్‌వెల్ మొదట నవ్వాడు, తర్వాత ఆపేశాడు.

జియోనె చాట దించింది. నేను నోరు విప్పకముందే అందుకుంది. "మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు మేడమ్. కాదు. రాత్రి దీపం ఆర్పేశాక నేను దానికి కథలు చెబుతా. చీకట్లో నా ముఖం ఎట్లా కనపడుద్ది? ఆగిన ప్రతిచోటా తిలితోన్సె అంటది. ఒక్కసారీ తప్పలేదు. అర్థం కాకపోతే ఎట్లా అంటది?"

కథ చెప్పేవాళ్ళు కాస్త ఆగగానే వినేవాళ్ళు "తిలితోన్సె" అనాలి. అందరం ఇక్కడే ఉన్నామని దాని అర్థం. మనం ఊ కొట్టడం లాంటిదే. ఎవరూ ఊ కొట్టకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది.

"అది నిజమేనమ్మా," అన్నాడు బిన్‌వెల్. "పక్క ఇంట్లోంచి నేనూ విన్నా. చక్కగా అంటది."

నాకు ఆశ కలిగింది. ఆ మాట నిజం కావాలని నాకూ ఉంది. చీకట్లో కథ అర్థమైతే పిల్లకు నిజంగా ఏమీ లేదు. నా అనుమానాలు మూటగట్టి అవతల పారేసి, కోడిని వండుకు తినొచ్చు.

కిటికీ తలుపులు మూశాను. గదిలో చీకటి కమ్మింది. ఎలినాఫెను తల్లి ఒడిలో పడుకోబెట్టి, వాళ్ళ వెనక కూర్చున్నాను. వర్షాన్ని గంపలో మూసిపెట్టిన ముసలమ్మ కథ మొదలుపెట్టాను. మా అమ్మమ్మ చెప్పిన కథ. మా భాషలోనే చెప్పాను, తుంబుకాలో. నేను ఉత్తరాది దాన్ని, ఇక్కడి పెద్ద సరస్సుకు ఉత్తరాన ఉన్న కొండల్లోంచి వచ్చాను. ఈ గదిలో మిగతా ఎవరికీ ఆ భాషలో ఒక్క ముక్క రాదు.

మొదటిసారి ఆగాను.

"తిలితోన్సె," అంది చిన్న గొంతు.

ముసలమ్మ గంప నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. ఆగాను. "తిలితోన్సె." పక్షులు నీళ్ళడిగితే లేవంది. "తిలితోన్సె."

ఒక సంగతి దాచకుండా చెబుతాను. అమ్మ బతికున్నంతకాలం ఆదివారాలు ఫోన్లో మా భాష మాట్లాడేదాన్ని. ఆమె పోయాక అది నా నోటివెంట రాలేదు. క్వార్టర్లో ఒక్కదాన్నే. పళ్ళెం కడిగేటప్పుడు ఏదైనా గొణుక్కోవాలన్నా చేవా మాటలే వస్తున్నాయి. ఆ చీకట్లో అమ్మమ్మ మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, నేను ఆగిన ప్రతిచోటా ఒక పిల్ల ఇక్కడే ఉన్నామంటుంటే నాకు కథ ఆపబుద్ధి కాలేదు. అవసరమైనదానికంటే చాలాసేపు చెప్పాను. ఊ కొడుతున్న పిల్లకు అందులో ఏమీ అర్థం కావడం లేదని ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా చెప్పాను.

చివరికి ఆపాను.

"ఏం కథ మేడమ్ అది?" అంది జియోనె. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

బిన్‌వెల్‌కు ముందు తెలిసింది. "నాకూ అర్థం కాలేదు," అన్నాడు నెమ్మదిగా. "మరి అది ఊ కొట్టింది."

"ఊ కొట్టినంత మాత్రాన అర్థమైనట్టు కాదు," అన్నాను. "అంతవరకే తేలింది. ఇంకేమీ తేలలేదు. మీ భాషలో చెబితే అర్థమవుతుందేమో."

జియోనె ఆ మాటను పట్టుకుంది. పొద్దున దారిలో కొన్న మాండాసీల పొట్లం బల్ల మీదే ఉంది. మైదాపిండి వేపుడు ఉండలు, ఎలినాఫెకు ప్రాణం. జియోనె పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, రోజూ మాట్లాడే గొంతుతోనే అంది. "బంగారం, బల్ల మీద మాండాసీలున్నాయి. అన్నీ నీకే. లేచి పోయి తిను."

ఆగింది.

"తిలితోన్సె," అంది ఎలినాఫె.

జియోనె మళ్ళీ చెప్పింది. మాండాసీలు, బల్ల, తిను. విడివిడిగా, ఒక్కో మాటా. ఆగిన ప్రతిచోటా పిల్ల నిద్రమత్తు గొంతుతో అదే మాట అంది. మూడోసారి జియోనె సగంలోనే ఆపేసింది. నేను లేచి కిటికీ తెరిచాను.

వెలుతురు పడగానే ఎలినాఫె పొట్లాన్ని చూసింది. లేచి వెళ్ళి ఒక మాండాసీ తీసుకుని, బల్ల కింద కోడి పక్కన కూర్చుని, దానికి ఒక ముక్క పెట్టి తనొక ముక్క తినసాగింది. తింటూ మా ముఖాల్ని చూస్తోంది.

బిన్‌వెల్ అడిగాడు. "మొద్దు పిల్లంటారా?"

"మొద్దు పిల్లకు ఇన్నేళ్ళు మన కళ్ళు కప్పడం చేతకాదు. చెవుడు లేదు, పొగరు లేదు. మాట చెవిదాకా వస్తోంది, అక్కడి నుంచి అర్థంగా మారడం లేదు. అదొక జబ్బు. కొంతమంది పిల్లలకు పుట్టుకతో ఉంటుంది. తప్పు ఎవరిదీ కాదు."

"మరి కోతలదాకా బాగానే ఉందిగా అమ్మా. ఏం చెబితే అది చేసేది."

"కోతలప్పుడు ఏం జరిగింది?"

"ఏమీ లేదు. ఏం జరుగుద్ది." కోటు గుండీ తడుముకున్నాడు. "పెద్దదవుతోంది, అయినా గుడ్లప్పగించి పెద్దల ముఖంలోకే చూస్తోంది. ఊళ్ళో నలుగురూ అన్నారు, మేనమామ ఉండి ఏం నేర్పాడని. తల దించుకోవడం నేర్పా."

"ఎట్లా నేర్పారు?"

"అందరికీ ఎట్లా నేర్పుతారో అట్లానే."

చెప్పక తప్పదని చెప్పాను. "ఆ పిల్ల ఇంతకాలం మీ కళ్ళు, గడ్డం, చేతులు చూసి మీరేం కోరుతున్నారో కనిపెట్టి చేసుకొచ్చింది. మీరు చూడొద్దన్నారు. అప్పటి నుంచి దానికి ఏమీ అందడం లేదు."

ఆయన కోటు కాలర్ చుట్టూ చెమట పట్టింది. "మంచి నేర్పుతున్నాననుకున్నానమ్మా," అన్నాడు. అందరూ చేసేదే ఆయనా చేశాడు. ఆయన మీద జాలి కలిగింది, కోపం కూడా పోలేదు.

"బాగవుతుందా?"

"కొంత. ఏళ్ళు పడుతుంది. వారం వారం నా దగ్గరికి తేవాలి. ఇంట్లో అందరూ దాని ఎదురుగా కూర్చుని, చేత్తో చూపిస్తూ, ఒక్కో మాటే చెప్పాలి. అది మీ ముఖాల్లోకి చూడాలి. చూసినప్పుడు ఎవరూ కసరకూడదు."

"ఆడపిల్ల, పెద్దల ముఖంలోకి." తల అడ్డంగా ఊపాడు. "ఊరంతటికీ నేనేం చెప్పుకోను? ఇంటింటికీ తిరిగి దానికి జబ్బని చెప్పనా? రేపు దాన్నెవరు రానిస్తారు గుమ్మంలోకి?" మళ్ళీ తనే అందుకున్నాడు. "ఆ సిస్టర్ల బడిలో చేతులతోనే మాట్లాడుకుంటారుగా. అక్కడ ముఖంలోకి చూస్తే ఎవరూ కొట్టరు. సోమవారం లారీ ఉంది. మీరు ఒక్క మాట చెబితే చేర్చుకుంటారు."

ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. చేతులతో మాట్లాడటం నేర్చుకుంటే పిల్లకు మంచిదే. కాకపోతే దానికి తెలిసిన భాషంతా జియోనె ముఖం. ఆ ఒక్కటీ లేని చోట, ఎవరో తెలియని ముఖాల మధ్య మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అదే చెప్పాను. చెప్పి జియోనె వైపు చూశాను. ఇన్నాళ్ళూ అన్నతో పోట్లాడింది తనే, ఇప్పుడూ తనే అడ్డుపడుతుందని నా ధీమా.

జియోనె చితెంజె కొంగును ముఖం మీదికి లాక్కుని గోడకు ఆనుకుని ఉంది. ఆ గుడ్డలోంచే మాట్లాడింది.

"తీసుకుపో అన్నా."

"ఏమిటే?"

"సోమవారందాకా ఎందుకు, ఇవాళే తీసుకుపో. నా ముఖం దేనికి దానికి? మొగుడు వదిలేసి పోయినప్పుడు అమ్మకు కూడా చెప్పుకోలేదు నేను. దానికి చెప్పుకున్నా, రాత్రిళ్ళు. ఎంత ఏడ్చానో, ఎవరెవరు ఏమన్నారో, అన్నీ. ఊ కొట్టేది. ఒక్క మనిషన్నా వింటోందిలే అనుకుని పొద్దున లేచి పొలం పోయేదాన్ని." గుడ్డ లోపల ఊపిరి పీల్చుకుంది. "ఎవరూ లేరక్కడ. నేనొక్కదాన్నే మాట్లాడుకున్నా."

ఏదో చెప్పబోయాను. నువ్వు ఏడుస్తున్నావని దానికి తెలిసే ఉంటుంది అనబోయాను. చీకట్లో ఎట్లా తెలుస్తుందని తను అడుగుతుందనిపించింది.

ఎలినాఫె బల్ల కింద నుంచి లేచింది. మా మాటలేవీ దానికి అందలేదు. అయినా తల్లి దగ్గరికి వచ్చి, గుడ్డ అంచు పట్టుకుని పైకెత్తి, లోపలికి తొంగిచూసింది. జియోనె కళ్ళు మూసుకుంది. పిల్ల గుడ్డను మళ్ళీ జాగ్రత్తగా దించి, మేనమామ వైపు తిరిగింది. బిన్‌వెల్ పాపం నవ్వబోయాడు. ఆ నవ్వును అది నమ్మలేదు. ఆ తర్వాత నా వైపు చూసింది, తిన్నగా, కళ్ళలోకి.

వేరే ఏ పిల్లకైనా మాటలతో ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది అని. ఈ పిల్ల ముందు మాటలు పనికిరావు. నా ముఖంలో ఏముందో అప్పుడు నాకే తెలియదు. అది మాత్రం చూసింది, చూసి తల పంకించింది.

వెళ్ళి తలుపు మూసి, తననెవరూ బయటికి తీసుకుపోకూడదన్నట్టు కింది గడియ వేసింది. తలుపుకు వీపు ఆనించి నిలబడి, ఒక చేయి వెనక్కి పెట్టి గడియ పట్టుకుంది. కోతల తర్వాత మొదటిసారి మేనమామ ముఖంలోకి తల ఎత్తి చూసింది.

"తల దించు," అన్నాడు బిన్‌వెల్, అలవాటు కొద్దీ. అన్నాక ఆ మాట దానికి అందదని గుర్తొచ్చినట్టుంది. కుర్చీలోంచి లేచాడు. తలుపు వైపు నడిచి, పిల్ల ముందు ఆగి, చేయి చాచాడు. పక్కకు లాగడానికి చాచాడో, దగ్గరికి తీసుకోవడానికి చాచాడో నాకు తెలియలేదు.

ఎలినాఫెకు తెలిసింది. గడియను రెండు చేతులతో పట్టుకుంది.